నల్లరేగడిలో తెల్లకుక్క



వారమునకొక పర్యాయము, శుక్రవారము ప్రొద్దున, నాలుగు చదరపు గళ్ళలో నొక కుక్కబొమ్మను గీచి, దానిని అంతర్జాలమున వ్రేలాడగట్టి, ఎవరైనను నవ్విరా లేదా యని సాయంకాలము వఱకు నెదురుచూచు వృత్తి యొకటి డెబ్బదియవ యేట నన్ను పట్టుకొన్నది. వృత్తి యనుట అతిశయోక్తి; దానివలన ఇంతవఱకు నాకొక పైసాయైనను రాలేదు గనుక వ్యసన మనుటయే సమంజసము. ముప్పది యేండ్లకు పైగా కోయంబత్తూరు నూలుమిల్లులలో యంత్రభాగముల పటములు గీచి, కదురులకును రోలర్లకును కొలతలు వేసి, ఒక గీత వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినచో దానివలన ఎంత నూలు తెగునో లెక్కకట్టుచు కాలము గడిపి విశ్రాంతి పుచ్చుకొన్నవాడు, ఏ కొలబద్దకును లొంగని తోకగల యొక జంతువు వెంట పరుగెత్తుచున్నాడని విన్నవారు నన్ను చూచి జాలిపడుచున్నారు. వారి జాలిలో న్యాయము లేకపోలేదు. నా మొదటి కుక్కకు కాళ్ళు నాలుగును కదురులవలె నుండినవి. అది నడచుచున్నట్లుండక నూలు వడకుచున్నట్లుండెను.

తెలుగునాట కూర్చుండి వినుచున్న శ్రోతలకు తమిళనాటి తెలుగువారమైన మా సంగతి కొంత విన్నవింపవలసియున్నది. 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు దక్షిణ మధురలో రాజ్యము నెలకొల్పిన కాలమునకు కొందఱు ముందును, పెక్కుమంది వెనుకను, సైన్యముల వెంట, పసులమందల వెంట, కఱవుల వెంట దక్షిణమునకు దిగివచ్చి, ఏటియొడ్డు తడినేలలు అప్పటికే పరులవై యుండుట చూచి, ఎవరికిని అక్కఱలేక పడియున్న నల్లరేగడిని, అది తమ పూర్వుల కాళ్ళకు పరిచితమైన మన్నే గనుక, ముల్లుకంపలు కొట్టి చదును చేసి ప్రత్తియు జొన్నయు విత్తుకొనిరని మా పెద్దలు చెప్పుదురు. చరిత్రకారులును ఇంచుమించుగా అదియే చెప్పుదురు. ఆ వలసకథను మాలో నొకరైన కి. రాజనారాయణన్ గారు 1976లో ‘గోపల్ల గ్రామం’ అను నవలగా వ్రాసిరి. కాని వ్రాసినది తమిళమున. మా స్థితి యంతయు ఈ యొక్క సంగతిలో నిమిడియున్నది. ఇంటిలో పొయ్యిదగ్గఱ తెలుగు, గడప దాటినచో తమిళము. అవ్వ తిట్టిన తిట్టు తెలుగు, పంతులు వేసిన దెబ్బ తమిళము. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు తమ మాతృభాష యని చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైచిలుకు. అయినను మా వీథిలో, నేనెఱిగినంతలో, తెలుగక్షరము చదువగలవారము నాతో కలిపి ముగ్గురము. అందులో నొకరికి చూపు మందగించినది.

నాకు మాత్రము అక్షరములు పుట్టుకతో వచ్చినవా? ముప్పదవ యేట వచ్చినవి. వచ్చిన తీరు చిత్రమైనది. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలైలో మద్రాసున ‘చందమామ’ను ప్రారంభించినప్పుడు దానితోపాటు తమిళమున ‘అంబులిమామ’ను గూడ వెలువరించిరి గదా, రెండింటను ఒకే బొమ్మలు, ఒకే కథలు, మాటలు మాత్రము వేఱు. మా యూరి అంగళ్ళలో అంబులిమామ దొరకెడిది. మిల్లుపనిమీద మద్రాసు పోయినప్పుడెల్ల అదే నెల చందమామను గూడ కొనితెచ్చి, రెంటిని చాపమీద ప్రక్కప్రక్కన పఱచుకొని, భుజమున శవమును వేసికొని శ్మశానమువైపు నడచుచున్న విక్రమార్కుని బొమ్మ ఇటు ఏ పుటలో నున్నదో అటును ఆ పుటలోనే యున్నది గనుక, ఇక్కడ ‘వి’ యున్నచోట అక్కడ నున్నదియు ‘వి’యే కావలెనని ఊహించి, ఊహను మఱునాటి పుటతో సరిచూచుకొని, ఒక్క వర్షకాలమున తెలుగు లిపిని కూడబలుకుకొంటిని. అందఱికిని ఓనమాలు ఇసుకలో దిద్దించుదురు. నాకు బేతాళుడు దిద్దించెను. ఆ బేతాళుని గీచిన శంకర్ గారు ధారాపురము ప్రాంతమున మా కొంగునాటి పల్లెలో పుట్టినవారని తెలిసిననాడు, గురువుగారి యూరు ప్రక్కయూరే యని తెలిసిన శిష్యునివలె సంతోషించితిని. బొమ్మ అక్షరమునకు అలంకార మని లోకము తలచును. నా విషయమున మాత్రము బొమ్మయే తల్లి, అక్షరము దాని చంకనెక్కి వచ్చిన బిడ్డ.

ఇక జంతువు నెన్నుకొనుట. బొమ్మలకథ గీయదలచితినని ఇంటిలో చెప్పగానే తలకొక జంతువును సూచించిరి. మధురలో పుట్టి మా యింటికి కోడలుగా వచ్చిన మా వదినె చిలుకను గీయుమనెను. మీనాక్షి చేతనున్నది చిలుక. ఆ గుడిలో కిళిక్కూండు మండప మనగా చిలుకగూటి మండపమని పేరుగల చావడియే కలదు. అక్కడ పూర్వము చిలుకలను పెంచి అమ్మవారి పేరు పలుకుట నేర్పెడివారట. ఇంతకంటె స్థానికమైన పాత్ర యెక్కడ దొరకును? కాని చిలుక నేర్పినదే పలుకును. నవ్వు పుట్టింపవలసిన జంతువు నేర్పనిది పలుకవలెను. పైగా ఆకుపచ్చరంగు ఖర్చు. కాకి మాట వచ్చినది గాని కాకులను ఆర్. కె. లక్ష్మణ్ గారు గీచి యుండగా మఱియొకరు గీయ సాహసించుట నాకు సభ్యతగా తోచలేదు. ఏనుగును గీచితిని. అది గడిలో పట్టలేదు.

కుక్క నాకు బహుమానముగా వచ్చినది. మిల్లులో నా పై యధికారి యొకరు రాజపాళయమువారు, రాజులు. నేను విశ్రాంతి పుచ్చుకొన్న రెండవ యేట వారి యింట ఈనిన పిల్లలలో నొకదానిని గంపలో పెట్టి పంపిరి. రాజపాళయము పేరు విననివారు ఆ జాతి కుక్క పేరైనను వినియుందురు. విజయనగర కాలపు వలసలలో వచ్చి ఆ యూరిలో స్థిరపడిన తెలుగు రాజులు తరతరములుగా పెంచిన వేటకుక్క యది. ఒడలంతయు పాలవలె తెలుపు, ముక్కు మాత్రము గులాబిరంగు, నడుము సన్నము, కాళ్ళు పొడవు. అడవిపందికి వెఱవదు, యజమానికి దక్క నొరులకు లొంగదు. 2005 జనవరిలో మన తపాలాశాఖవారు నాలుగు దేశవాళి కుక్కల బొమ్మలతో బిళ్ళలు వేసినప్పుడు అందులో నొకటి దీనిది. తెలుగువారి పేర ముద్రపడిన కుక్క తమిళదేశపు టూరి పేర పిలువబడుచు లోకమున వ్యవహరించుచున్నదన్నమాట. ఇక మాకును దానికిని భేదమేమి?

ఆ జాతికొక లోపము కలదు. ఆ తెలుపును తెచ్చిన రక్తమే చెవిటితనమును గూడ తెచ్చును. పిల్లలలో కొన్ని పుట్టుచెవిటివి. నా పాలబడినది అట్టిదే. దానిని మా అవ్వనాటి తెలుగులో పిలిచితిమి, పొరుగువారు తమిళమున పిలిచిరి, మా అన్న మనుమరాలు ఆంగ్లమున పిలిచెను. అది మూడు భాషలయెడలను సమదృష్టి వహించి నిద్రపోయెను. ఆ నిద్రను చూచుచు కూర్చున్న మధ్యాహ్నమున నాకు పాత్ర దొరకినది. దానికి నేను పేరు పెట్టలేదు. పిలిచినను వినని దానికి పేరెందుకు?

తెల్లకుక్కకు ఒక వంశవృక్షమున్నదని పిమ్మట తెలిసికొంటిని. 1929 జనవరిలో బెల్జియము దేశమున హెర్జె అను చిత్రకారుడు టిన్‌టిన్ అను పిల్లవాని వెంట పంపిన మిలూ తెల్లకుక్క. 1950 అక్టోబరులో అమెరికాలో చార్లెస్ షుల్జ్ గీచిన స్నూపీ తెల్లకుక్క. వీరందఱు తెల్లకుక్కలనే ఎందుకు పెంచిరని ఆలోచించితిని. సమాధానము కళాశాస్త్రమున లేదు, సిరాబుడ్డిలో నున్నది. తెల్లకుక్కను గీయనక్కఱలేదు, అంచు గీచి విడిచినచో లోపలి కుక్కను కాగితమే ఇచ్చును. వారమునకొకసారి గడువు తలమీదికి వచ్చువానికి ఈ దాతృత్వము తక్కువది కాదు. నేను వేయునది ఒక్క రంగు, ముక్కుమీది గులాబిచుక్క. అదియును గడి కొక్కటే.

అయితే తెల్లకాగితముమీద తెల్లకుక్కకు ఒక ఆపద కలదు: వెనుక నేమియు లేనిచో అది మాయమైపోవును. నా మొదటి నెల బొమ్మలలో కుక్క యెక్కడనున్నదో ముక్కును బట్టి వెదకుకొనవలసి వచ్చెడిది. గోడ గీచి చూచితిని, చెట్టు గీచి చూచితిని. గీతలమధ్య గీతలు కలిసి కుక్క చిక్కుపడిన నూలువలె నయ్యెను. తుదకొకనాడు మధురకు దక్షిణముగా బస్సులో పోవుచు, ప్రత్తి తీసివేసిన పిమ్మట దున్ని విడిచిన నల్లరేగడి చేను ఆకాశపు అంచువఱకు పఱచుకొనియుండ, దాని నడుమ నొక కొంగ వాలియుండుట చూచితిని. ఇంటికి వచ్చి కుంచె సిరాలో ముంచి నేలనంతయు నలుపు చేసితిని. కుక్క లేచి నిలువబడెను! అయిదువందల యేండ్ల క్రిందట మావారు ఏ మన్నును చూచి ఇక్కడ ఆగిరో ఆ మన్నే నా బొమ్మకు ఆధారమైనది. ఇందు దైవఘటన యేమియు లేదు. నలుపుమీద తెలుపు కనబడును, అంతే. అయినను ఆ రాత్రి సంతోషముచేత నాకు నిద్ర రాలేదు.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పెదను. బొమ్మల కథలో పాత్రల నోటినుండి బుడగలు వెడలి అందులో మాటలుండవలెను గదా. ఏ భాషలో నను ప్రశ్నకు జవాబు సులభము: తెలుగు. ఏ లిపిలో? తెలుగు లిపిలో వ్రాసితినా, నేనెవరికొఱకు గీచుచున్నానో వారు చదువలేరు. తమిళ లిపిలో తెలుగు వ్రాసితినా — శ్రోతలు కొంచెము ఓపిక పట్టవలెను — తమిళమున క, ఖ, గ, ఘ నాలుగింటికిని అక్షర మొక్కటే. మాట మొదట నున్నచో దానిని ‘క’ యని చదువుదురు, నడుమ నున్నచో ‘గ’ యని చదువుదురు, జడ్డక్షరమైనచో ‘క్క’ యని చదువుదురు. పఫబభలకును ఇదే గతి, తథదధలకును ఇదే గతి. తమిళమునకు ఆ యేర్పాటు చక్కగా సరిపోవును. దానిలో లోపము లేదు. ఆ చొక్కాలో తెలుగును దూర్చుట మాది తప్పు. నా రెండవ వారపు బొమ్మలో ఎండనబడి వచ్చిన అవ్వ అరుగుమీద కూలబడి “ఒక గుక్క నీళ్ళీండి” అని యడిగెను. చదివినవారు చదివినట్లు చదువగా అది “ఒగ కుక్క నీళ్ళీండి” అయ్యెను. ప్రక్కననే కుక్క కూర్చుండియుండుటచేత చాలమంది అదియే హాస్యమనుకొని మెచ్చుకొనుచు వ్రాసిరి. నేను వేసిన హాస్యము మూడవ గడిలో నుండినది. దానిని ఎవరును గమనింపలేదు.

అటుపిమ్మట త్యాగరాజస్వామి కృతులను తమిళ లిపిలో అచ్చువేయువారి పద్ధతి నవలంబించితిని. వారు అక్షరముల నెత్తిన రెండు, మూడు, నాలుగు అను చిన్న యంకెలు వేసి, మూడున్నచో ‘గ’ యనియు నాలుగున్నచో ‘ఘ’ యనియు గుర్తించుదురు. గాయకులకది అలవాటు. నా బుడగలు మాత్రము బీజగణితపు పుస్తకములోనివలె నయ్యెను. “గంపలో గోంగూర” అను రెండు మాటలకు మూడు మూళ్ళు తగిలించి చూపగా, మా అన్న మనుమరాలు, “చిన్నతాతా, కుక్క లెక్కలు చేస్తా ఉండాదా?” అని యడిగెను.

తెలుగు లిపితో గూడ నొక ప్రయత్నము చేయకపోలేదు. దాని వెనుక నొక గర్వమున్నదని ఒప్పుకొనెదను. చందమామ పుణ్యమున అక్షరములు పట్టుబడిన క్రొత్తలో మద్రాసు మూర్‌మార్కెటులో, అది 1985లో తగులబడక పూర్వము, పాతపుస్తకముల గుట్టలో నాకు ‘నీతిచంద్రిక’ దొరకినది. శ్రీపెరుంబుదూరున పుట్టి, అనగా మావలెనే తమిళపు నేలమీద పెరిగి, పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన ఆ పుస్తకమున పావురములును ఎలుకలును కాకులును ఎంత నిండైన తెలుగు మాట్లాడునో చదివినవారికి తెలియును. హిరణ్యకుడను ఎలుక కలుగులోనుండి మాట్లాడుచుండగా కలుగు వెలుపల నిలిచి చేతులు జోడింపవలెననిపించును. జంతువులచేత మాట్లాడించుటలో మనవాడొకడు ఇంత పని చేసియుండగా నా కుక్క మాత్రము తక్కువ తినవలెనా యని, దానిచేత ఎదుటి పిల్లితో “ఓ మార్జాలమా, నీ యాగమనమునకు హేతువేమి?” అని యడిగించితిని. మా వదినె దానిని నాచేత చదివించుకొని విని, కొంతసేపు ఊరకుండి, “కుక్కకు ఉపనయనం చేసినారా?” అనెను. మా యింటిలో నైనచో “పిల్లీ, యాడికొస్తివే?” అను మాట అది. నేను మాట్లాడుచున్న ఈ తెలుగు గూడ ఆ మూర్‌మార్కెటు తెలుగే. పుస్తకములలో భాష నేర్చినవాడు పుస్తకమువలె మాట్లాడుట మానలేని అవిటితనము. కాని నా అవిటితనమును కుక్కకు అంటగట్టుట అన్యాయమని ఆనాడు గ్రహించితిని.

మిగిలినది ఒక్కటే మార్గము: బుడగలను చెఱిపివేయుట. చెఱిపితిని. స్నూపీ గూడ పుట్టిన తరువాత ఏడాదిన్నర పైచిలుకు మాటలేని కుక్కగానే యుండి, 1952లో గాని దాని తలపులు బుడగలలోనికి రాలేదని తెలిసి కొంత ధైర్యము చిక్కినది. మఱియొక ధైర్యము మా యూరి చరిత్రలోనే దొరకినది. కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధిపతి శ్రీరాములు నాయుడు గారు 1954లో ‘మలైక్కళ్ళన్’ తమిళమునను ‘అగ్గిరాముడు’ తెలుగునను తీసినప్పుడు, మా నైన ఆ తెలుగు చిత్రమునకు నాలుగుసార్లు పోయి వచ్చెనని మా అవ్వ చెప్పెడిది. తెరమీద మొదట పడిన పేర్లలో ఆయన ఒక్కటియు చదివియుండడు. చదువవలసిన అవసరము కలిగియుండదు. రామారావును భానుమతియు మాట్లాడిన తెలుగు ఆయన చెవికి చేరినది, అంతే చాలును. లిపి లేకయే తెలుగు నడచిపోయిన మార్గమొకటి మా వీథిలోనే ఉండగా నేను మూడు నెలలు అంకెలతో కుస్తీ పట్టితిని.

మాటలు పోయిన తరువాత పని పదింతలైనది. “అవ్వకు కోపము వచ్చినది” అని బుడగలో వ్రాయుటకు ఒక నిమిషము. అవ్వ కోపమును కొంగు దోపుకొనుటలో చూపుటకు ఒక దినము. కుక్కకు కనుబొమలు లేవు. దాని యాశ్చర్యము చెవులలోను, సందేహము మెడవంపులోను, సిగ్గు తోకలోను చూపవలెను. మద్రాసున కళాశాలలో జంతుశాస్త్రము బోధించుచు తెలుగు పత్రికలకు కార్టూనులు వేసిన జయదేవ్ గారివంటి వారికి ఎముక లెక్కడ వంగునో తెలియును. నాకు బేరింగు లెక్కడ తిరుగునో మాత్రమే తెలియును. నాగపురమున దంతవైద్యము చదివి దానిని విడిచి పులులను, కప్పలను, గబ్బిలములను గీయుచు దేశాంతరములలో గూడ పేరుపొందిన రోహన్ చక్రవర్తి గారిని తలచుకొన్నప్పుడెల్ల, చేతివృత్తి నుండి చేతివృత్తికి మాఱినవాడను నేనొక్కడనే కానని ఊరట చెందుదును.

ఇంతటి శ్రమలేక వెలిసిన బొమ్మలకథలును గలవు. రయన్ నార్త్ అను కెనడావాసి 2003 నుండి ‘డైనోసార్ కామిక్స్’ అను దానిని నడపుచున్నాడు. బొమ్మలు ప్రతిసారియు అవే, ఆఱు గళ్ళును అవే, మాటలు మాత్రము మాఱును. నాది సరిగా దానికి తలక్రిందు. అతడు గీయనక్కఱలేదు, నేను వ్రాయనక్కఱలేదు. మే మిద్దఱము ఒకే యూరివారమైనచో చెఱి సగము పంచుకొని హాయిగా నుండెడివారము. అంతర్జాలమున మిక్కిలి చిరకాలముగా నడచుచున్న బొమ్మలకథలలో నొకటియైన ‘కెవిన్ అండ్ కెల్’ గూడ జంతువులదే. 1995 సెప్టెంబరులో బిల్ హోల్‌బ్రూక్ అను అమెరికా చిత్రకారుడు దానిని మొదలుపెట్టెను. భర్త కుందేలు, భార్య తోడేలు. గడ్డి తినువారును మాంసము తినువారును ఒక కప్పు క్రింద నెట్లు కాపురము చేయుదురో అందు చూపించుచుండును. దానిని మా అన్న మనుమరాలు చూపింపగా నాకేమియు విడ్డూరముగా తోచలేదు. మా చుట్టపక్కాలలో అట్టి కాపురములు అయిదారు గలవు.

చేతి ఫోనులో చూచుటవలన నాకొక మేలు జరిగినది, చెప్పి తీరవలెను. వారపత్రికలలో నాలుగు గళ్ళు అడ్డముగా నొక వరుసనుండును. కన్ను దొంగది, మొదటి గడి చూచునప్పుడే ఓరగా నాలుగవదానిని చూచివేయును. ఫోనులో గళ్ళు నిలువుగా నొకదాని క్రింద నొకటి జాఱును. వ్రేలితో పైకి త్రోసినదాక నాలుగవ గడి నూతిలో బొక్కెనవలె క్రిందనే యుండును. హాస్యమునకు ఇంతకంటె మంచి మఱుగు లేదు. తెరకు అంచు లేదు గనుక కాగితపు పుట కొలతలకు కట్టుబడనక్కఱలేదని స్కాట్ మెక్లౌడ్ అను అమెరికా చిత్రకారుడు 2000 సంవత్సరముననే వ్రాసియుండెను. తిరుమలనాయకుడు 1636 ప్రాంతమున కట్టించిన మధుర మహలులో, మనిషి రెండు చేతులు చాచినను కౌగిలికి రాని ఆ స్తంభముల మీదుగా నేను దీనిని పరీక్షించితిని. మొదటి గడిలో ఒక స్తంభము వెనుకకు కుక్క తల దూరును, తోక ఇంకను వెలుపల నుండును. రెండవ గడిలో రెండవ స్తంభము దాటి తల బయటికి వచ్చును; తోక మాత్రము మొదటి స్తంభముకడనే యున్నది. మూడవ గడిలో తల మూడవ స్తంభమునకు చేరినది, తోక కదలలేదు. చూచువాడు కుక్క ఎంత పొడవున్నదా యని వ్రేలితో త్రోసికొనుచు పోగా, నాలుగవ గడిలో అడ్డువచ్చిన కావలివాడు ఒక్కొక్క స్తంభము వెనుకకు తొంగిచూచును. అక్కడ మూడు తెల్లకుక్కలు వరుసగా కూర్చుండియున్నవి.

నేను గీచినవాటిలో నాకు ప్రియమైనది మాత్రము గ్రైండరు కథ. కోయంబత్తూరు గ్రైండరు సంగతి తెలుగువారికి చెప్పనక్కఱలేదు. ఇడ్లీకి పిండి రుబ్బించుకొను ప్రతివారికిని మా యూరు ఆ చప్పుడు ద్వారా పరిచితమే. మొదటి గడిలో వంటయింటి మూలను రాళ్ళు తిరుగుచున్నవి. అవ్వ చెవులు మూసికొని అటు పోవుచున్నది, పిల్లవాడు పలకతో ఇటు పోవుచున్నాడు. రెండవ గడిలో ఎవరును లేని ఆ గదిలోనికి కుక్క వచ్చును. మూడవ గడిలో గ్రైండరు పొట్టకు వీపు ఆనించి గాఢనిద్ర. యంత్రముతోపాటు కుక్క అంచు గీత గూడ వణకుచుండును. ఆ వణకును గీయుటకు నా ముప్పది యేండ్ల మిల్లు అనుభవ మంతయు వెచ్చించితిని. నాలుగవ గడిలో కరెంటు పోయినది. రాళ్ళు ఆగినవి. కుక్క త్రుళ్ళిపడి లేచి, నాలుగు కాళ్ళు బిగబట్టుకొని, యంత్రమును చూచి మొఱుగుచున్నది. ఆ కుక్కను మేల్కొలిపినది నిశ్శబ్దము. ఇది కల్పన కాదు. నా కుక్క రెండుసార్లు ఇట్లు చేయుట కన్నులార చూచితిని.

ఆ వారము వచ్చిన జాబులలో, తమిళ లిపిలో వ్రాసిన తెలుగు జాబులు, మాటల జాబులు, నోటితో చెప్పి పంపిన జాబులు చాల నున్నవి. అన్నింటి విషయమును ఒక్కటే: ఆ నాలుగవ గడిలో కుక్క ఏమనుచున్నది? ఒకరు “ఎవుర్రా ఆపినది?” అనుచున్నదనిరి. మధుర నుండి ఒకామె, అది “మళ్ళీ పోయెనే, కరెంటు!” అని తన అత్తగారు అనునట్లే అనుచున్నదనెను. కోయంబత్తూరు మగ్గాల వీథినుండి ఒక పెద్దాయన కుక్క ఏమియు ననుట లేదనియు, మొఱుగుచున్నదనియు, దానిని అపార్థము చేసికొనవలదనియు చెప్పి పంపెను. ఎవరి యింటి తెలుగును వారు కుక్క నోట పెట్టుచున్నారు. నేను అచ్చువేసియుండినచో ఒక్క నాయింటి తెలుగే యుండెడిది. బుడగ చెఱిపిన చోట ఇన్ని మాటలు మొలచునని నేను తలపలేదు.

ఇవి యన్నియు చదివి నేను సంతోషముతో కూర్చున్న మఱునాడు రాజుగారు రాజపాళయము నుండి మాటాడిరి. మిల్లులో నా పటములలో తప్పులు పట్టిన గొంతే అది. “నాయుడూ, అంతా బాగానే ఉండాదయ్యా. తోక మాత్రం మా కుక్కది కాదు, వీథికుక్కది” అనిరి. పోయి మా కుక్కను చూచితిని. తోక సన్నముగా పొడవుగా క్రిందికి జాఱి చివర కొంచెము మాత్రము వంగియున్నది. ఆఱు నెలలుగా నేను గీచుచున్న తోక వీపుమీదికి చక్రమువలె చుట్టుకొనియుండినది! కదురుకు అంగుళములో నూఱవ భాగమైనను తప్పు రానీయనివాడను, ఎదుట పండుకొనియున్న కుక్కకు వేఱొక కుక్క తోకను తగిలించితిని. సిగ్గుపడి ఆ శుక్రవారము నుండియే తోక దిద్దితిని.

దిద్దిన వారము ఒక బాలిక తల్లి మాట పంపినది: “పాత కుక్క ఏమైపాయ అని మా పాప ఏడుస్తా ఉండాది.” మఱి ఇద్దఱు గూడ అదే యడిగిరి. తోకచేతనే వారు దానిని గుర్తుపట్టుచుండిరట. ముక్కుమీది గులాబిచుక్కకొఱకు నేను పడిన పాటు వృథా. ఏమి చేయుటకును తోచక, పై శుక్రవారము ఇద్దఱిని ఒక్క గడిలో గీచితిని: దున్నిన నల్లరేగడి, ఇటునుండి జాఱుతోక, అటునుండి చుట్టుతోక, నడుమ రెండు ముక్కులు. అప్పటినుండి నా కథలో కుక్కలు రెండు.

రాజుగారు మరల మాటాడి, “ఈ రెండోది ఎవురిదయ్యా?” అని యడిగిరి. వీథిలోని దనియు, బహుశః తమిళకుక్క యనియు చెప్పితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, “అయితే మనదానికి చెప్పు, జాగ్రత్తగా మాట్లాడమని” అనిరి. మనది చెవిటిదని ఆయనకు గుర్తుచేయలేదు.

ఈ వారపు బొమ్మలో వాన కురియుచున్నది; రెండును ఒకే అరుగు చూరు క్రిందికి వచ్చి చేరినవి. మూడు గళ్ళు పూర్తియైనవి. నాలుగవదానికి నేలను నలుపు చేసి ఆఱబెట్టి వచ్చితిని. ఇంటికి పోయి కుక్కలను గీయవలెను. సెలవు.